బత్తాయి, పంపర పనస, చేదు, చక్కెర: సిట్రస్ ఎంజైమ్‌ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గర పల్లె. మా నాయిన బత్తాయి తోట చూసుకుంటాడు, నేను అవే చెట్ల లేత ఆకులు, పిందెలు తెచ్చుకుని వాటిలోని ఎంజైమ్‌ల మీద పరిశోధన చేస్తుంటా. ఊరికి పోయినప్పుడల్లా పక్క తోటల రైతులు, నల్లగొండలో డిగ్రీ చదివే పిల్లలు, పెళ్ళిళ్ళలో కలిసే చుట్టాలు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఎవరికి వాళ్ళకు మొదటి నుంచి చెప్పే బదులు ఒక్కచోట రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అక్కడికే పోండి.

నువ్వు చేసే పని ఏంటో ఒక్క ముక్కలో చెప్పు.

సిట్రస్ చెట్టు తన కాయలో, ఆకులో ఫ్లావనాయిడ్ అనే పదార్థాలు తయారు చేసుకుంటుంది. వాటికి చక్కెరను అతికించే ఎంజైమ్‌లు ఉంటాయి. ఏ ఎంజైమ్ ఏ చక్కెరను ఏ చోట అతికిస్తుందో కనిపెట్టడం నా పని. ఈ ఎంజైమ్‌లను గ్లైకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్‌లు అంటారు, గ్లూకోజ్ అతికించేవైతే గ్లూకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్‌లు.

ఫ్లావనాయిడ్ అంటే ఏంటి? చెట్టుకు దానితో ఏం అవసరం?

మూడు ఉంగరాలు కలిసిన ఒక చిన్న అణువు అనుకోండి. ఆ ఉంగరాల చుట్టూ అక్కడక్కడా హైడ్రాక్సిల్ గుంపులు, అంటే గోడకు కొట్టిన కొక్కేల లాంటివి ఉంటాయి. ప్రతి కొక్కేనికి ఒక నంబర్: 3, 5, 7, ఇంకో ఉంగరం మీద 4 ప్రైమ్. చక్కెర తగిలేది ఈ కొక్కేలకే. ఎండలోని అల్ట్రావయొలెట్ నుంచి కాపాడుకోవడానికి, పురుగును, తెగులును తట్టుకోవడానికి, పూలకు కాయలకు రంగు ఇవ్వడానికి మొక్కలు రకరకాల ఫ్లావనాయిడ్లను వాడుకుంటాయి.

చక్కెర లేని ఫ్లావనాయిడ్ నీళ్ళలో సరిగ్గా కరగదు. చక్కెర తగిలాక స్థిరంగా ఉంటుంది, మామూలుగా కరిగే గుణం కూడా పెరుగుతుంది, చెట్టు దాన్ని కణంలోని రిక్తికలో దాచుకోగలుగుతుంది. ధాన్యాన్ని బస్తాకెత్తి గోదాముకు చేర్చినట్టన్నమాట.

చక్కెర తగిలితే తియ్యగా అవ్వాలి కదా, చేదు ఎట్లా వస్తుంది?

నన్ను ఈ పనిలోకి లాగింది ఈ ప్రశ్నే, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

బత్తాయిలో ఎక్కువగా ఉండే ఫ్లావనాయిడ్ పేరు హెస్పెరిడిన్. పంపర పనసలో, గ్రేప్‌ఫ్రూట్‌లో ఎక్కువగా ఉండేది నారింజిన్. రెండిటి తయారీ ఒకే తీరుగా సాగుతుంది: ముందు 7వ కొక్కేనికి ఒక గ్లూకోజ్ తగులుతుంది, తర్వాత ఆ గ్లూకోజ్‌కు రామ్నోజ్ అనే ఇంకో చక్కెర తగులుతుంది. రెండిటి అసలు ఫ్లావనాయిడ్లు కొంచెం వేరు, కానీ రుచిలో తేడా తెచ్చేది ఈ రెండో అడుగే. గ్లూకోజ్‌కు ఆరు కార్బన్లు ఉంటాయి కదా, రామ్నోజ్ వచ్చి 6వ కార్బన్ దగ్గర అతుక్కుంటే నాలుకకు ఏ రుచీ తెలియదు. అదే రామ్నోజ్, అదే గ్లూకోజ్, కానీ 2వ కార్బన్ దగ్గర అతుక్కుంటే గొంతు దాకా చేదు. ఒకే ఫ్లావనాయిడ్‌కు ఈ రెండు తీర్లలో అతికించి చూస్తే అణువు బరువులో ఒక్క పిసరు తేడా ఉండదు, చేతిలో ఉన్న పరమాణువులు అవే, అతుకు పడ్డ చోటు మారిందంతే.

6వ చోట అతికించే ఎంజైమ్ వేరు, 2వ చోట అతికించే ఎంజైమ్ వేరు. ఈ 2వ చోటు ఎంజైమ్ జన్యువును ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2004లో పంపర పనస నుంచి వేరు చేశారు, 2013లో అదే బృందం 6వ చోటు ఎంజైమ్ జన్యువును కూడా వివరించింది. పంపర పనసలో 2వ చోటు ఎంజైమ్ చురుగ్గా పని చేస్తుంది. కమలాలో, బత్తాయిలో పని చేసే 2వ చోటు ఎంజైమ్ లేదు, అందుకే మన తోటలో కాయలకు ఆ చేదు రాదు. గ్రేప్‌ఫ్రూట్ పంపర పనసకూ బత్తాయి జాతికీ పుట్టిన సంకరం కాబట్టి దానిలో రెండూ ఉన్నాయి, చేదు పదార్థం, రుచి లేని పదార్థం రెండూ దొరుకుతాయి.

ఒక చిన్న మాట: నారింజిన్ అనే పేరు మన నారింజ నుంచి, దాని సంస్కృత మూలం నుంచి వచ్చిందే. పుల్లటి చేదు నారింజలో ఆ పదార్థం ఉంటుంది, తియ్యటి బత్తాయిలో మాత్రం దాదాపు ఉండదు.

మరి బత్తాయి రసం తీసి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది, అది నారింజిన్ కాదా?

కాదు. చాలామంది దీన్నీ దాన్నీ ఒకటే అనుకుంటారు. బత్తాయి రసంలో ఆలస్యంగా వచ్చే చేదు లిమోనిన్ వల్ల వస్తుంది, అది లిమోనాయిడ్ అనే వేరే కుటుంబం. కాయ తొనలో ఉన్నంతసేపు దానికి ముందు రూపం మాత్రమే ఉంటుంది, దానికి చేదు లేదు. రసం పిండగానే కణాలు పగిలి ఆ పదార్థం పులుపులో, అంటే ఆమ్లంలో కలుస్తుంది. ఆమ్లం, దానికి తోడు ఒక ఎంజైమ్ కలిసి మెల్లగా దాన్ని లిమోనిన్‌గా మారుస్తాయి. అందుకే పిండిన వెంటనే తాగితే బాగుంటుంది, కొన్ని గంటలు పోయాక చేదు. వేడి చేస్తే ఇంకా తొందరగా చేదెక్కుతుంది, బత్తాయి రసాన్ని సీసాలో పెట్టి అమ్మడం కష్టమవడానికి ఇది పెద్ద కారణం.

ఇక్కడా మన చక్కెర అతికించే ఎంజైమే వస్తుంది, అయితే ఈసారి చేదు పోగొట్టడానికి. కాయ పండే కొద్దీ లిమోనాయిడ్ గ్లూకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ ఆ ముందు రూపానికి గ్లూకోజ్ తగిలిస్తుంది. గ్లూకోజ్ తగిలినది ఇక లిమోనిన్‌గా మారదు, చేదూ ఉండదు. దీని జన్యువును 2000లో జపాన్‌లో సత్సుమా కమలా నుంచి వేరు చేశారు. పచ్చిగా ఉన్నప్పుడే కోసిన కాయ రసం ఎక్కువ చేదవడానికి, చెట్టు మీద పండిన కాయ రసం తక్కువ చేదవడానికి కారణం ఇదే. రేటు ఉందని తొందరపడి కాయ కోసేసే రైతన్నలకు నేను మళ్ళీ మళ్ళీ చెప్పేది ఇదొక్కటే. గింజల్లో లిమోనాయిడ్లు చాలా ఉంటాయి కాబట్టి జ్యూస్ బండి వాళ్ళు గింజలు నలగకుండా చూసుకుంటే సగం సమస్య తీరుతుంది. అంటు కట్టిన వేరుమూలాన్ని బట్టి కూడా ఈ చేదు మారుతుంది.

బత్తాయి, మోసంబి, కమలా ఒకటేనా?

బత్తాయి, మోసంబి రెండూ తియ్యటి నారింజ జాతివే, సిట్రస్ సైనెన్సిస్. మన నల్లగొండలో ఎక్కువగా ఉండేది సాత్‌గుడి రకం. ఇంగ్లిష్‌లో దీన్ని స్వీట్ లైమ్ అని రాస్తుంటారు కానీ ఇది నిమ్మ జాతి కాదు. కమలా వేరు, తొక్క చేత్తో ఊడి వస్తుంది చూడండి, అది మాండరిన్. తియ్యటి నారింజే అసలు పంపర పనసకూ మాండరిన్‌కూ పుట్టిన పాత సంకరం. చైనా శాస్త్రవేత్తలు దాని జన్యుపటాన్ని 2013లో ప్రచురించారు, మా పనిలో రోజూ తెరిచి చూసేది దాన్నే.

ఎంజైమ్ చక్కెరను ఎక్కడి నుంచి తెస్తుంది? ఎట్లా అతికిస్తుంది?

వట్టి గ్లూకోజ్ పనికిరాదు, అది తనంతట తాను అతుక్కోదు. యూడీపీ అనే పిడికి తగిలించిన గ్లూకోజ్ కావాలి, యూడీపీ-గ్లూకోజ్ అంటారు. ఎంజైమ్ రెండు అరచేతులు దగ్గరగా పెట్టినట్టు ఉంటుంది. ఒక అరచేయి యూడీపీ-గ్లూకోజ్‌ను పట్టుకుంటుంది, ఇంకో అరచేయి ఫ్లావనాయిడ్‌ను పట్టుకుంటుంది, మధ్యలో సందులో అతుకు పడుతుంది. అక్కడ ఎంజైమ్‌లోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఫ్లావనాయిడ్ కొక్కెం నుంచి ప్రోటాన్‌ను లాగేస్తుంది, అప్పుడు ఆ ఆక్సిజన్ గ్లూకోజ్ మీదికి దూకుతుంది, యూడీపీ విడిపోతుంది.

యూడీపీ-చక్కెరను పట్టుకునే అరచేతిలో 44 అమైనో ఆమ్లాల వరస ఒకటి ఉంటుంది, మొక్కల్లోని ఈ కుటుంబం ఎంజైమ్‌లన్నిటిలో దాదాపు ఒకేలా కనిపిస్తుంది. కొత్త మొక్క జన్యువుల్లో ఇలాంటి ఎంజైమ్‌లను వెతకాలంటే ముందు వెతికేది ఆ వరసనే. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోనే ఇలాంటి జన్యువులు 100కు పైగా ఉన్నాయి. వరస చూసి ఇది చక్కెర అతికించేదే అని చెప్పగలం, కానీ దేనికి అతికిస్తుందో, ఏ కొక్కేనికో వరస చూసి నమ్మకంగా చెప్పలేం. కంప్యూటర్ చెప్పింది కదా అని పేరు పెట్టేసిన జన్యువులు చాలా ఉన్నాయి. ఎంజైమ్‌ను చేతిలోకి తీసుకుని పని చేయించి చూస్తేనే నిజం తెలుస్తుందనేది నా గట్టి అభిప్రాయం.

ల్యాబ్‌లో అది ఎట్లా చేస్తారు?

లేత ఆకునో పిందెనో ద్రవ నైట్రోజన్‌లో గడ్డ కట్టించి రోట్లో పొడి చేస్తాం. పొడి పిండిలా, లేత ఆకుపచ్చగా వస్తుంది, క్షణం ఆలస్యమైనా చెమ్మ పట్టి ముద్ద అయిపోతుంది. దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్ని డీఎన్‌ఏగా మార్చి, మనకు కావాల్సిన జన్యువును పీసీఆర్ అనే కాపీలు తీసే పద్ధతితో పెంచి, ఈ-కోలై బ్యాక్టీరియాలో పెడతాం. బ్యాక్టీరియా మన కోసం ఆ ఎంజైమ్‌ను తయారు చేస్తుంది. ఎంజైమ్ తోకకు ఆరు హిస్టిడిన్‌లు తగిలించి పెడతాం కాబట్టి నికెల్ ఉన్న గొట్టంలోంచి పోనిస్తే మన ఎంజైమ్ దానికి పట్టుకుని ఆగిపోతుంది, మిగతావన్నీ జారిపోతాయి. తర్వాత ఇమిడజోల్ అనే రసాయనం పోసి దింపుకుంటాం.

రాయడానికి నాలుగు వాక్యాలు. నాకు ఈ దశలో ఏడు నెలలు పట్టింది. బ్యాక్టీరియా ఎంజైమ్‌ను చేస్తోంది, కానీ సరిగ్గా మడత పడకుండా ఉండల్లా పేర్చేస్తోంది. కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున సున్నం లాంటి తెల్లటి మడ్డి, పైన తేటలో ఏమీ లేదు. రోజూ అదే తెల్లటి మడ్డి. చివరికి 37 డిగ్రీల నుంచి 16 డిగ్రీలకు దించి, ఎంజైమ్ చేయమని బ్యాక్టీరియాకు సైగ ఇచ్చే ఐపీటీజీ అనే రసాయనాన్ని బాగా తగ్గించి, రాత్రంతా మెల్లగా పెరగనిస్తే తేటలోకి కొంచెం వచ్చింది. జెల్ మీద ఆ సన్నటి నీలం గీత కనపడిన రోజు ఇంటికి ఫోన్ చేశా. 'గీత వచ్చిందా, మంచిదే నానా, అన్నం తిన్నవా' అన్నాడు మా నాయిన.

ఇంకోటి, అప్పుడు నేనున్న కాలేజీలో ఒక రాత్రి కరెంటు పోయి జనరేటర్ ఎక్కలేదు, మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచిన ఒక సీజన్ పిందెల సాంపిల్స్ మొత్తం కరిగిపోయాయి. సీజన్ పోతే మళ్ళీ సీజన్ దాకా ఆగాల్సిందే, చెట్టు మన కోసం పూయదు. అప్పటి నుంచి ప్రతి సాంపిల్‌నూ రెండు చోట్ల పెడుతున్నా, మీరూ అట్లే చేయండి.

ఎంజైమ్ పని చేసిందని ఎట్లా తెలుస్తుంది?

పాత పద్ధతి రేడియోధార్మికతతో. కార్బన్-14 ఉన్న యూడీపీ-గ్లూకోజ్ వేసి, కొన్ని నిమిషాల తర్వాత ఆమ్లం పోసి చర్య ఆపేసి, నీళ్ళలో కలవకుండా పైన తేలే ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావణంతో కలియబెడతారు. వాడని యూడీపీ-గ్లూకోజ్ నీళ్ళలోనే ఉండిపోతుంది, గ్లూకోజ్ తగిలిన ఫ్లావనాయిడ్ పైన ద్రావణంలోకి వస్తుంది, దాన్ని కౌంటర్‌లో లెక్కిస్తారు. చాలా సున్నితమైన పద్ధతి, కానీ అనుమతులు, జాగ్రత్తలు చాలా కావాలి. మా దగ్గర హెచ్‌పీఎల్‌సీ, అంటే కలిసిన పదార్థాలను విడదీసే యంత్రం వాడతాం. ఏ పదార్థం ఏ నిమిషానికి బయటికి వస్తుందో చూసి, కొనుక్కున్న అసలు నమూనాతో పోలుస్తాం. ఉదాహరణకు నారింజెనిన్, అంటే నారింజిన్‌కు చక్కెరలు తగలక ముందు రూపం ఇచ్చి పరీక్షిస్తే, దాని 7వ చోట గ్లూకోజ్ తగిలిన ప్రూనిన్ వచ్చిందా లేదా అని. నమూనాతో కలవకపోతే అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ పరీక్షకు పోవాలి. రెండో చక్కెర పరీక్షకు యూడీపీ-రామ్నోజ్ కావాలి, యూడీపీ-గ్లూకోజ్ దొరికినంత తేలిగ్గా అది దొరకదు, ఖరీదు కూడా ఎక్కువ, చాలామంది ఆ అడుగు దగ్గర ఆగిపోయేది అందుకే.

పరిశోధన ఎక్కువగా గ్రేప్‌ఫ్రూట్ మీదే ఉంది ఎందుకు?

అమెరికాలో దాని రసం పెద్ద వ్యాపారంగా ఉండేది, చేదు పెద్ద తలనొప్పి, కాబట్టి డబ్బు పెట్టారు. ఈస్ట్ టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీలో సిసిలియా మెకింతోష్ బృందం గ్రేప్‌ఫ్రూట్ ఎంజైమ్‌ల మీద ఏళ్ళ తరబడి పని చేసింది. 7వ చోట గ్లూకోజ్ తగిలించే ఎంజైమ్‌ను గ్రేప్‌ఫ్రూట్ మొలకల నుంచి వేరు చేసిన పని 1990లో వచ్చింది. వాళ్ళు తర్వాత విడదీసిన ఇంకో ఎంజైమ్ 3వ చోట మాత్రమే గ్లూకోజ్ తగిలిస్తుంది, అదీ క్వెర్సెటిన్, కెంఫెరాల్ లాంటి ఫ్లావనాల్స్ అనే ఒక రకం ఫ్లావనాయిడ్లకే. పక్కనే నారింజెనిన్ ఉన్నా ముట్టుకోదు. ఒక్కో అమైనో ఆమ్లాన్ని మార్చి చూస్తూ ఆ పట్టింపు ఎక్కడుందో వెతకడం ఈ రంగంలో నాకు బాగా నచ్చిన పని.

మన సాత్‌గుడి మీద ఇంత ఓపికగా పని జరగాలని నా కోరిక. తోటలు మనవి, కాయ మనది, రుచి బాగోగులు తేలితే లాభం కూడా ఇక్కడి రైతులకే.

రాలిన పిందెలకు ఏమైనా విలువ ఉందా?

ఉంది. హెస్పెరిడిన్ పాళ్ళు బరువుతో పోలిస్తే పెద్ద కాయలో కంటే పిందెలోనే ఎక్కువ, ఎందుకంటే చెట్టు దాన్ని కాయ చిన్నగా ఉన్నప్పుడే తయారు చేసి పెట్టుకుంటుంది. వ్యాపారంగా హెస్పెరిడిన్ తీసేవాళ్ళు తొక్కల నుంచి, ఎండిన పిందెల నుంచి తీస్తారు. ఎండాకాలంలో చెట్టు కింద గోలీల్లా రాలి ఎండిపోయే పిందెలు చూసినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మన దగ్గర కొనేవాళ్ళు ముందుకొస్తే తప్ప రైతు వాటిని ఏరడం కూలికి కూడా గిట్టదు, అది నిజమే.

మంగు పట్టిన కాయలో ఇవి తక్కువగా ఉంటాయా?

మంగు తొక్క మీద నల్లి చేసే నష్టం. రేటు పడిపోతుంది కానీ లోపల తొన తినడానికి బాగానే ఉంటుంది. దానికి నా పనికి సంబంధం లేదు, మందు గురించి ఉద్యాన అధికారిని అడగండి.

హెస్పెరిడిన్ ఆరోగ్యానికి మంచిదంటారు, నిజమేనా?

మొలలకు, కాళ్ళ నరాల ఉబ్బుకు డాక్టర్లు రాసే డయోస్మిన్ మాత్రల్లో హెస్పెరిడిన్ కూడా ఉంటుంది, 450 మిల్లీగ్రాముల డయోస్మిన్‌కు 50 మిల్లీగ్రాముల హెస్పెరిడిన్. 1936లో సెంట్-జార్జి అనే శాస్త్రవేత్త సిట్రస్ ఫ్లావనాయిడ్లకు విటమిన్ పి అని పేరు పెట్టాడు, తర్వాత అది విటమిన్ కాదని తేలింది. ఇక్కడా చక్కెర అతుకే కీలకం. గ్లూకోజ్ ఒక్కటే తగిలిన ఫ్లావనాయిడ్ చిన్నపేగులోనే ఒంటికి పడుతుంది, రామ్నోజ్ కూడా ఉంటే పెద్దపేగు దాకా పోయి అక్కడి బ్యాక్టీరియా కోస్తే తప్ప పట్టదు. బత్తాయి తినండి, తొన మీది తెల్లపొరతో సహా తినండి, ఎక్కువ హెస్పెరిడిన్ ఉండేది అందులోనే. రోగం తగ్గుతుందని మాత్రం నేను చెప్పను.

మందులు వాడేవాళ్ళు పంపర పనస తినకూడదా?

గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస కొన్ని మందుల పనితీరును మారుస్తాయి, కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు వాటిలో ఉన్నాయి. దానికి ముఖ్య కారణం నారింజిన్ కాదు, ఫ్యూరానోకూమరిన్‌లు అనే వేరే పదార్థాలు. రోజూ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు డాక్టర్‌ను అడిగాకే తినాలి.

చేదు నుంచి తీపి చేయొచ్చంటారు?

చేయొచ్చు. హెస్పెరిడిన్‌లోని రామ్నోజ్ 6కు బదులు 2వ చోట అతుక్కుంటే వచ్చే చేదు రూపం నియోహెస్పెరిడిన్, దానికి క్షారంలో హైడ్రోజన్ ఎక్కిస్తే చక్కెర కంటే దాదాపు 1500 రెట్లు తియ్యని పదార్థం వస్తుంది. 1963లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో హొరోవిట్జ్, జెంటిలి దీన్ని కనుక్కున్నారు. 2వ చోటి అతుకు ఉన్నవాటితోనే ఇది కుదురుతుంది, 6వ చోటి అతుకుతో చేస్తే తీపి రాదు.

జన్యువు మార్చి చేదు లేని పంపర పనస చేయలేరా?

2వ చోటు ఎంజైమ్ జన్యువును ఆపగలిగితే చేదు తగ్గాలి, ఆలోచన సూటిగానే ఉంది. మన దేశంలో 2022లో బయటి జన్యువు లేని కొన్ని రకాల జన్యు సవరణలకు నిబంధనలు సడలించారు కూడా. కానీ సిట్రస్‌లో ఓపిక కావాలి, గింజ నుంచో కణజాలం నుంచో వచ్చిన మొక్క కాయ కాయడానికి ఏళ్ళు పడుతుంది, రుచి చూడాలంటే అప్పటిదాకా ఆగాలి.

డిగ్రీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదువుతున్నా అక్కా, ఈ పనిలోకి ఎట్లా రావాలి?

తమ్ముడూ, చెల్లీ, ముందు కెమిస్ట్రీని వదలకండి. చాలామంది బోటనీ వస్తే చాలనుకుంటారు, ఈ పనిలో సగం ఆర్గానిక్ కెమిస్ట్రీ. పీజీకి మన రాష్ట్ర యూనివర్సిటీల కోసం సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయండి. నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. పీజీ అయ్యాక సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, ఇంటికి భారం కాకుండా చదువుకోవచ్చు. ఇంగ్లిష్ టెన్షన్ పెట్టుకోకండి, నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పేపర్లు చదవగా చదవగా అదే వస్తుంది.

ఇంట్లో చేసి చూడగలిగేది ఏమైనా ఉందా?

రెండున్నాయి. ఒకటి, బత్తాయి తొనలను డీప్ ఫ్రీజర్‌లో కొన్ని రోజులు పెట్టి తీసి, కరిగాక పొర మీద వెలుతురులో చూడండి. ఉప్పు రవ్వలంత తెల్లటి చుక్కలు కనపడితే బూజు అని పారేయకండి, అది గడ్డకట్టిన హెస్పెరిడిన్. అన్ని కాయల్లో కనపడదు, నాలుగైదు చూడండి.

రెండోది, ఒకే చెట్టు నుంచి ఒక పచ్చి కాయ, ఒక బాగా పండిన కాయ కోసి విడివిడిగా పిండండి. గింజలు తీసేయండి, చక్కెర వేయకండి. పిండగానే ఒక చెంచా, నాలుగు గంటల తర్వాత ఒక చెంచా రుచి చూసి కాగితం మీద రాసుకోండి, కోసిన తేదీ, చెట్టు వయసు కూడా రాయండి. మా తోటలో చేసినప్పుడు మా అమ్మకు ఏ గ్లాసు ఏదో చెప్పలేదు, నాలుగు గంటల తర్వాత మొదటి చెంచాకే పచ్చి కాయ రసాన్ని పక్కకు నెట్టేసింది.